పెన్న పుట్టిన చోట ఐదు రోజులు
ఇంటివద్ద చదువుకొను పిల్లలతో ఒక ప్రయాణ పాఠము



పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పుకొను కుటుంబములు మన సంఘములలో ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నవి. అమెరికాలో స్థిరపడిన మన బంధువులకు ఇది క్రొత్త సంగతి కాదు. అక్కడ 1993 నాటికే యాభై రాష్ట్రములలోను ఇంటి చదువు చట్టసమ్మతమైనది. వారిలో కొందరు ఆర్.వి. అను ఇల్లున్న బండిని అద్దెకు తీసుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, రాష్ట్రములు దాటి తిరుగుతూ దారిలోనే పాఠములు చెప్పుకొంటారని వింటూ వచ్చాము. బెంగుళూరులో ఉన్న మనకు ఇది సాధ్యమా అని రెండేండ్లు ఆలోచించి, గడచిన ఫిబ్రవరిలో ఐదు రోజులు గౌరిబిదనూరు, చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు తిరిగి వచ్చాము. ఎలా జరిగినదో వ్రాయుమని కొందరు అడిగారు. బాగుగా జరిగినది, జరగనిది రెండును వ్రాస్తున్నాము.

ముందుగా చట్టము సంగతి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టము ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లలకు వర్తిస్తుంది. పిల్లలను బడిలో చేర్చుట తలిదండ్రుల బాధ్యత అని అందులో ఉన్నది. చేర్చని తలిదండ్రులకు శిక్ష అని లేదు. ఇంటి చదువు అను మాటయే లేదు. పదునాలుగేండ్లు నిండిన పిల్లలు ఎన్.ఐ.ఓ.ఎస్. ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ అను పేరుతో మొదలైన సంస్థ ఇదే. మా పెద్దమ్మాయికి పదమూడేండ్లు, అబ్బాయికి పది. అబ్బాయిని మేము బడి మాన్పించుటకు కారణము సిద్ధాంతము ఏమీ కాదు. చదువుట ఆలస్యమైనదని వాడిని తరగతి అంతటి ఎదుట పలుమారులు నిలబెట్టారు, వాడు రాత్రులు లేచి ఏడ్చేవాడు. అంతే. అమ్మాయి తమ్మునికి తోడుగా మానుకొన్నది. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్పవలసివచ్చినదో తరువాత తెలుస్తుంది.

ఇక గౌరిబిదనూరే ఎందుకు? ప్రవాసులమైన మనము పిల్లలకు సొంత ఊరు చూపించాలంటే రైలెక్కి నెల్లూరికో ఒంగోలుకో పోతాము. మా పెద్దలది నెల్లూరు, పెన్న ఒడ్డు. ఆ పెన్న మాత్రము మా బెంగుళూరు ఇంటికి అరవై కిలోమీటర్ల లోపలనే, నంది కొండల వరుసలో, చెన్నకేశవ కొండపై పుడుతున్నది. అక్కడినుండి ఉత్తరముగా గౌరిబిదనూరు మీదుగా హిందూపురము వైపు పోయి, అనంతపురము, కడప సీమలు చుట్టి, గండికోట బండల నడుమ దూరి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటి సముద్రములో కలుస్తుంది. ఉత్తర పినాకిని అని దాని పేరు. పది సంవత్సరములుగా ఆ నది పుట్టిన చోటికి ఇంత దగ్గరలో ఉండి కూడ పిల్లలకు చూపలేదు. మేమూ చూడలేదు.

బండి టెంపో ట్రావెలరును మార్చి చేసినది. నాలుగు పడకలు, చిన్న గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జి, మరుగుదొడ్డి, స్నానపు కుళాయి ఉన్నవి. మంచి నీటికి వంద లీటర్ల ట్యాంకు, వాడిన నీటికి వేరొక ట్యాంకు. మన దేశములో ఇట్టి బండి డ్రైవరుతో సహా వస్తుంది. అద్దె, ఒక మంచి హోటలు గది, ఒక కారు కలిపినంత అయినది. చవక అనుకొని ఎవరూ బయలుదేరవద్దు. మన తాతల కాలములో మిషనరీ దొరలు ఎద్దుబండ్ల మీద డేరాలు వేసుకొని తెలుగు గ్రామములు తిరిగేవారు. వారితో పోలిస్తే మాది సుఖమైన డేరాయే. అయితే డేరా వేసినవాడు నీళ్ళు ఎక్కడున్నవో చూచుకొని డేరా వేసేవాడు. మేము ఆ పని చేయలేదు.

మొదటి రోజు నంది. కొండ ఎత్తు 1,478 మీటర్లు. పెన్న, చిత్రావతి, పాలారు, అర్కావతి, దక్షిణ పినాకిని ఈ చుట్టుపట్ల కొండలలోనే పుడతాయని పుస్తకములో చదివి వచ్చిన పిల్లలు, పుట్టుక అంటే ఎక్కడో ఒక ఊట బుసబుస పొంగుతూ ఉంటుందని ఎదురుచూశారు. ఫిబ్రవరిలో అక్కడ ఉన్నవి బండలు, ఎండు గడ్డి, పొడి వంకలు. "నది ఏది?" అని అబ్బాయి అడిగాడు. అప్పుడు బండిలో ఒక మందపు దుప్పటిని గుట్టలుగా మడిచి, పైన ప్లాస్టిక్ గుడ్డ కప్పి, చెంబుతో నీళ్ళు పోసి చూపాము. ఒక అంగుళము అటు పోసిన నీరు ఒక లోయలోకి, ఇటు పోసినది వేరొక లోయలోకి జారినది. కొండమీద పడిన వాన చినుకు ఏ వైపు వాలితే ఆ రాజ్యమునకు పోతుంది: ఉత్తరమునకు వాలితే నెల్లూరు, తూర్పునకు వాలితే పాలారు వెంట తమిళనాడు. పిల్లలకు ఇది ఎంత నచ్చినదంటే తొమ్మిది చెంబులు పోశారు. మేము సంతోషించాము. ఆ తొమ్మిది చెంబులు సాయంత్రము గుర్తుకు వచ్చినవి.

ముద్దేనహళ్ళిలో ఎక్కువ సేపు ఆగలేదు. 1861లో మోక్షగుండము విశ్వేశ్వరయ్య అక్కడ పుట్టారు. ఆయన పెద్దలు మోక్షగుండము నుండి వలస వచ్చిన తెలుగువారు. ఇంటిపేరు ఆ ఊరినుండే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత అక్కడికి పిలిపించినది ఈయననే. ఊరి పేరును ఇంటిపేరుగా మోసుకొని తిరిగే ప్రవాసులు మనకు క్రొత్త కాదు గదా అని పిల్లలతో అనుకొని ముందుకు సాగాము.

చిక్కబళ్ళాపురము చేరగానే కందవార చెరువు కట్ట మీద బండి ఆపించాము. చుట్టూ ఎండిన నేల, చెరువులో మాత్రము నీరు. ఎక్కడిదని పిల్లలు అడుగగా డ్రైవరు అన్న నవ్వి, "మీ బెంగుళూరుదే" అన్నాడు. నిజమే. బెంగుళూరులో హెబ్బాళ, నాగవార లోయలలోనికి చేరు మురికి నీటిని రెండు దశలు శుద్ధి చేసి, గొట్టములలో ఎక్కించి, ఇక్కడి చెరువులు నింపుతున్నారు. దినమునకు 21 కోట్ల లీటర్లతో 65 చెరువులు నింపుట ఆ పథకము లక్ష్యము. ఎచ్.ఎన్. వ్యాలీ అని దాని పేరు. ఆ నీరు త్రాగుటకు కాదు. నేలలోనికి ఇంకి బోర్లలో నీటిమట్టము పైకి రావలెనని ఉద్దేశము. మూడవ దశ శుద్ధి కూడ చేయవలెనని ఇక్కడి రైతులు గట్టిగానే అడుగుతున్నారు. మా ఇల్లు హెబ్బాళ వైపే. "అంటే ఇది మన సింకు నీళ్ళా?" అని అమ్మాయి అడిగినది. కొంత అదే అయి ఉండవచ్చు అన్నాము. వారిద్దరూ ఆ నీటిని చాలాసేపు చూస్తూ నిలుచున్నారు. పాఠ్యపుస్తకము ముందు అంతసేపు నిలువరు.

గౌరిబిదనూరు చేరేసరికి చీకటి పడుతున్నది. పట్టణము దాటి, తెలిసినవారి మామిడి తోటలో బండి నిలుపుటకు ఏర్పాటు. దారిలో కుళాయి తిప్పితే గాలి వచ్చినది. ఉదయము నింపుకొన్న వంద లీటర్లు ఒక్క పగటిలో అయిపోయినవి! నలుగురి స్నానములు, వంట, పాత్రలు, దుప్పటి పాఠము. దగ్గరి పల్లెలో శుద్ధ నీటి ప్లాంటు ఒకటి కనబడగా సంతోషించి, బండి దాని ముందు నిలిపి, గొట్టము తీశాము. నాణెము వేస్తే బిందె నిండే యంత్రము అది. మేము వరుసగా నాణెములు వేయుటకు సిద్ధమై ఉండగా, వెనుక బిందెతో నిలుచున్న ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చినది.

"ఏమప్పా, యా వూరు మీది?"

"బెంగుళూరమ్మా."

"ఇవి తాగే నీళ్ళు. బండికి పోసుకొని ఒళ్ళు కడుక్కొనేదానికి కాదు. నీకు దుడ్డు ఉండాదని అన్నీ పట్టకపోతే మా పిల్లోళ్ళు ఏం తాగల్ల?"

కన్నడములో అని ఉంటే పిల్లలకు మెల్లగా మార్చి చెప్పుకొనేవారము. ఆమె తెలుగులో అన్నది గనుక దాచుటకు వీలు లేకపోయినది. ఆ ప్రాంతమంతా ఇండ్లలో తెలుగే. గొట్టము చుట్టి లోపల పెట్టి, ఆమె చెప్పినట్లు రెండు క్యానులు మాత్రము, త్రాగుటకు, పట్టుకొన్నాము. వాడుకకు బోరు నీరు ప్రొద్దున ఆరు గంటలకు వీధి కొళాయిలో వస్తుందని ఆమెయే చెప్పినది. ఆ రాత్రి ఎవరమూ స్నానము చేయలేదు. అబ్బాయి ఒక మాట అన్నాడు: "ఆ అవ్వ మనల్ని తిట్టిందా, పాఠము చెప్పిందా?" రెండును అని అమ్మాయి జవాబిచ్చినది. తప్పు మాదే. వెళ్ళబోయే సీమలో నీటి పరిస్థితి ఏమిటో ముందుగా అడగకుండా, డబ్బిచ్చి బండి తీసుకొంటే చాలుననుకొన్నాము.

మరునాడు ఉదయపు పాఠము ఇక వేరే వెదకవలసిన పని లేకపోయినది. బోరు నీరు ఉండగా త్రాగుటకు వేరే నీరు ఎందుకు? ఈ సీమలో బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్నవి. రాతి పొరలలో ఎంతో కాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే పిల్లల పండ్లపై మచ్చలు పడతాయి. మరి ఎక్కువై, ఏండ్ల తరబడి త్రాగితే ఎముకలు బిగిసిపోతాయి. బాగేపల్లి తాలూకాలో ఈ బాధ ఎక్కువ. ఇంత చెప్పిన తరువాత మన వైపు సంగతి ఒకటి చెప్పక తప్పలేదు. ఈ జబ్బు మన దేశములో మొట్టమొదట గుర్తింపబడినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశములో చేరిన మెట్ట గ్రామములలో. షార్ట్ అను వైద్యుడు, ఆయన తోటివారు దానిని వైద్య పత్రికలో వ్రాశారు. మా అమ్మమ్మది పొదిలి వైపు. ఆమె పండ్లమీది గోధుమరంగు చారలు వక్క వలన అని మేము చిన్నప్పుడు అనుకొనేవారము. ఆమె నవ్వినప్పుడు చేయి అడ్డము పెట్టుకొనేది. ఆ సంగతి పిల్లలకు చెబుతూ ఉండగా, ముందు రాత్రి ప్లాంటు వద్ద చూచిన ఆ పెద్దావిడ పండ్లు కూడ అలాగే ఉన్నవని అమ్మాయి అన్నది. మేము గమనించలేదు. ఆమె గమనించినది.

అప్పటినుండి నీటి లెక్క అబ్బాయి చేతికిచ్చాము. ట్యాంకు ప్రక్కన గుర్తులు గీసి, ప్రతి పనికి ముందు, తరువాత వ్రాసేవాడు. మొదటి దినము వంద లీటర్లు. రెండవ దినము 46. మూడవ దినము 38. లెక్కలంటే భయపడే పిల్లవాడు సగటు, శాతము, వ్యత్యాసము మూడును ఆ నోటు పుస్తకములోనే నేర్చుకొన్నాడు. మేము నేర్పలేదని చెప్పుట న్యాయము.

ఆ దినమే హొసూరు వెళ్ళాము. తమిళనాడు హొసూరు కాదు, గౌరిబిదనూరు తాలూకాలోనిది. ఎచ్. నరసింహయ్య గారు 1920లో ఆ ఊరిలో, చాల బీద ఇంటిలో పుట్టారు. ఊరిలో పై చదువు లేదు. 1935లో బెంగుళూరు నేషనల్ హైస్కూలులో చేరుటకు ఆ పిల్లవాడు ఇక్కడినుండి నడిచి వెళ్ళాడు. ఇప్పటి రోడ్డు లెక్కన ఎనభై కిలోమీటర్ల మాట. మరుసటి ఏడు గాంధీగారు ఆ బడికి వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగమును కన్నడములో చెప్పినది ఈ విద్యార్థియే. 1942లో చదువు ఆపి జైలుకు వెళ్ళారు. తరువాత అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అణు భౌతికశాస్త్రములో డాక్టరేటు పొందారు. 1972 నుండి 1977 వరకు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరు. పెండ్లి చేసుకోలేదు, కాలేజీ హాస్టలు గదిలోనే బ్రతికి 2005లో కన్నుమూశారు. సొంత ఊరిలో హైస్కూలు, గౌరిబిదనూరులోను బాగేపల్లిలోను నేషనల్ కాలేజీలు ఆయన చలువ. మహిమలను, అద్భుతములను విజ్ఞాన రీతిగా పరీక్షించుటకు కమిటీ వేసిన హేతువాది. మన వంటి భక్తుల మాటలకు ఆయన తల ఊపి ఉండేవారు కాదు. అయినను పిల్లలకు చెప్పదగిన జీవితము. (కందవారలో విన్న ఎచ్.ఎన్. వ్యాలీ ఈయన పేరేనని అబ్బాయి అనుకొన్నాడు. కాదు, హెబ్బాళ, నాగవార. అయితే ఈ సీమలో ఎచ్.ఎన్. అంటే జనమునకు మొదట గుర్తు వచ్చేది ఈయనే.)

కథ అయిపోగానే అబ్బాయి అడిగాడు: "ఆయన బడి కోసము అంత దూరము నడిచాడు గదా. మరి మనము బడి ప్రక్కనే ఉండి ఎందుకు పోవడము లేదు?"

మేము ఇద్దరము ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నాము. ఇంటి చదువును గూర్చి అడిగిన చుట్టములకు, సంఘ పెద్దలకు చెప్పుటకు మా వద్ద జవాబులు పది ఉన్నవి. ఈ పిల్లవానికి ఒకటియు పనికిరాలేదు. నీకు కష్టమైనది గనుక మాన్పించాము అన్నాము. "అప్పుడు నాకు ఏడేండ్లు" అన్నాడు వాడు. ఆ మాటకు జవాబు వెంటనే ఇవ్వలేదు. ఇంటికి వెళ్ళి మాట్లాడుకొందామన్నాము. వాయిదా వేయుట మంచిదో కాదో గాని, బండిలో కూర్చుని ఆవేశములో ఏదో ఒకటి చెప్పుటకన్న మేలనిపించినది.

గౌరిబిదనూరుకు కొద్ది కిలోమీటర్లలో విదురాశ్వత్థము ఉన్నది. 1938 ఏప్రిల్ 25న అక్కడ మైసూరు సంస్థానపు పోలీసులు జెండా సత్యాగ్రహమునకు కూడిన జనముపై కాల్పులు జరిపారు. దక్షిణ దేశపు జలియన్‌వాలాబాగ్ అంటారు. ప్రభుత్వము చెప్పిన మృతుల లెక్క తక్కువ. జనము చెప్పేది ముప్పైకి పైన. పిల్లలు ఇక్కడ చిక్కుకొన్నారు: ఏది వ్రాయాలి? రెండును వ్రాసి, ఎవరు చెప్పినది ఎవరిదో ప్రక్కన వ్రాయుమన్నాము. చరిత్ర పాఠములో ఇంతకంటె ముఖ్యమైన అలవాటు లేదని మా అభిప్రాయము. కాల్పుల తరువాత గాంధీగారు సర్దార్ పటేలును, ఆచార్య కృపలానీని పంపగా, దివాను మీర్జా ఇస్మాయిలుతో ఒప్పందము జరిగి, సంస్థానపు జెండాతో పాటు కాంగ్రెసు జెండా ఎగురవేయుటకు అనుమతి వచ్చినది. ఊరికి పేరు తెచ్చిన ప్రాచీనమైన రావిచెట్టు 2001లో కూలిపోయినది. స్మారకము, చిత్రశాల ఉన్నవి. పెన్న ప్రక్కనే పారుతుంది అని పుస్తకములలో ఉన్నది. మేము వెళ్ళిన నాడు ఇసుకలో పిల్లల అడుగులు మాత్రము పడినవి.

కోటలదిన్నె వద్ద వేలాకాశపు రేడియో ధ్వనులు వినే కేంద్రమున్నది. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణముగా అర కిలోమీటరు, ఇంగ్లీషు టి అక్షరము వలె వెయ్యి ఆంటెనాలు పాతి 1976లో కట్టారు. అనుమతి లేక లోపలికి పోరాదు, మేము ముందుగా అనుమతి అడగలేదు. వెలుపలనుండి చూచి వచ్చాము. పిల్లలకు నచ్చినది యంత్రము కంటె ఊరి పేరు. దిన్నె అంటే మిట్ట అని డ్రైవరు అన్న చెప్పాడు.

ఈ అన్నను గూర్చి కొంచెము వ్రాయాలి. ఆయనది చింతామణి వైపు పల్లె. మొదటి దినము మా పిల్లలతో ఇంగ్లీషు మాటలు వెదకుకొంటూ మాట్లాడేవాడు. గౌరిబిదనూరు నుండి బాగేపల్లి పోవు దారిలో వారి భాష ఏమిటో వినిపించినది. కట్ట, తూము, వంక, కసువు అని ఆయన ఒక్కొక్కటి చూపుతూ చెబుతూ ఉంటే అమ్మాయి వ్రాసుకొన్నది. చెరువు నిండి పొర్లిపోవు చోటును ఆయన మరవ అన్నాడు. నెల్లూరు వైపు మేము కలుజు అంటాము, మరికొన్ని చోట్ల అలుగు, కన్నడములో కోడి. 2021 నవంబరు వానలకు ఈ చెరువులు మరవ పోయినవని ఆయన చెప్పినప్పుడు, అదే నెలలో నెల్లూరు దగ్గర పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకొనిపోయిన సంగతి మేము చెప్పాము. ఆ వరద ముఖ్యముగా కడప, చిత్తూరు వైపు వానలతో, చెయ్యేరు మీదుగా వచ్చినది. అయినను ఒకే నది తల, తోక రెండును ఒకే నెలలో తడిసిన సంగతి పటములో గుర్తు పెట్టుకొన్నారు. బాగేపల్లి ప్రక్కన పారు చిత్రావతియు, ఈ జిల్లాలోనే పుట్టు పాపఘ్నియు వేరువేరుగా వెళ్ళి కడప జిల్లాలో పెన్నలోనే కలుస్తాయి.

ఆ రాత్రి బాగేపల్లిలో అమ్మాయి తన తెలుగు కథల పుస్తకము తెరచి మెల్లగా కూడబలుక్కొంటూ చదువుచున్నది. అన్న తలుపు దగ్గర కూర్చుని విని, ఒక చోట నవ్వాడు. మా అమ్మాయికి నవ్వు ఎందుకో అర్థము కాలేదు. ఆ సామెత ఆమెకు తెలియదు. అతడు విడమరచి చెప్పాడు. "నువ్వు చదవన్నా" అని పుస్తకము ఇవ్వబోతే చేయి వెనుకకు తీసుకొన్నాడు. "మా యింట్లో తెలుగే పాపా. బళ్ళో కన్నడము. ఈ అచ్చరాలు మాకెవురు చెప్తారు?" ఆయనకు భాష నిండుగా ఉన్నది, అక్షరము లేదు. మా పిల్లలకు ఆదివారపు బడిలో నేర్చిన అక్షరము ఉన్నది, మాట లేదు. ఆ తరువాత రెండు రాత్రులు ఆమె చదువుట, ఆయన అర్థము చెప్పుట. చింతామణి దగ్గర కైవారములో, కైవార తాతయ్య అని పిలువబడు నారేయణ యోగి తెలుగులోను కన్నడములోను కీర్తనలు వ్రాశాడు. తెలుగు లిపి రాని వారు కూడ వాటిని తెలుగులో పాడుకొంటారని ఆయనయే చెప్పాడు. మన సంఘములలో మూడవ తరము పిల్లలు తెలుగు పాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొని పాడుట చూచి మనము నొచ్చుకొంటాము. ఇకమీదట అంతగా నొచ్చుకొనము.

చింతామణిలో ఆయన తల్లిని చూడ వెళ్ళాము. ఆమె మా పిల్లలకు టమాటా పచ్చడి, రాగి ముద్ద పెట్టినది. ట్యాంకు నింపుకొమ్మని బలవంతము చేసినది. ఇరవై లీటర్లు చాలునని అబ్బాయి లెక్క చూచి చెప్పాడు. వెళ్ళునప్పుడు అమ్మాయి ఆమె పేరును తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి ఇచ్చినది. కొడుకు దానిని మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

ఇంటికి వచ్చిన తరువాత వాగ్దానము చేసిన మాట మాట్లాడుకొన్నాము. నాలుగు ఆదివారముల సాయంత్రములు పట్టినది. ఈ జూన్ నుండి అబ్బాయి బడికి పోతున్నాడు, వేరొక బడికి, తానే అడిగి. మొదటి నెల కష్టముగానే ఉన్నది. చదువు ఇంకను నెమ్మదియే, లెక్కలలో మాత్రము వెనుకబడలేదు. అమ్మాయి ఇంటివద్దనే చదువుకొంటూ ఓపెన్ స్కూల్ పరీక్షకు సిద్ధపడుతున్నది. ఒకే ఇంటిలో ఇద్దరికి రెండు దారులేమిటని అడుగువారికి మా వద్ద చక్కని జవాబు లేదు.

ఇట్టి ప్రయాణము చేయదలచిన కుటుంబములకు రెండు మూడు మాటలు. మే నెలలో వద్దు, నీటి ఎద్దడి ఎక్కువ. రోజుకు రెండు చోట్లకంటె ఎక్కువ పెట్టుకోవద్దు; మేము నాలుగు పెట్టుకొన్న దినమున పిల్లలకు ఏదీ గుర్తు లేదు. కుటుంబ పాఠముగా చదువుకొను సంఘములు పిల్లలను ఇవి అడుగవచ్చును: మన ఇంటికి నీరు ఏ నది నుండి వస్తున్నది, వాడిన తరువాత ఎటు పోతున్నది? మన తాతలు విడిచి వచ్చిన ఊరి చెరువు పేరేమి? పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవారికి ఫోను చేసి అడుగుమనండి.

వచ్చే డిసెంబరులో, బడి సెలవులు చూచుకొని, అదే అన్నతో, పెన్న మిగిలిన దారి వెళ్ళవలెనని ఉన్నది: హిందూపురము, గండికోట, సోమశిల, నెల్లూరు. ఆ దారిలోని సంఘములవారు ఎవరైనను బండి ఒక రాత్రి నిలుపుకొనుటకు చోటు చూపగలిగితే సంతోషిస్తాము. వాడుక నీరు, త్రాగు నీరు కాదు, ఏ వేళ ఎక్కడ దొరుకునో కూడ దయచేసి ముందుగా తెలియజేయగలరు. నలుగురికి దినమునకు నలభై లీటర్లు చాలును.